బల్ల అడుగున చేతిరాత

ఫూసెన్ అన్న సైకిలు గంట సందు మొదట్లో మోగిందంటే చాలు, ఇళ్లలో ఆడవాళ్లు పొయ్యి మీద మూకుడు దించి పక్కన పెట్టి, చేతికందిన కాగితాలన్నీ ఏరుతారు. పిల్లల పాత నోటుపుస్తకాలు, మందుల చీటీలు, పెళ్లి పిలుపులు, కొత్త సంవత్సరానికి శుభం రాసి గుమ్మానికి అంటిస్తే ఏడాది ఎండకి వెలిసిపోయిన ఎర్ర కాగితాలు, రాత ఉన్నదేదైనా సరే. మా సాన్‌హాలో రాత ఉన్న కాగితం కాలికింద పడకూడదు. చెత్తతో కలవకూడదు. దాంట్లో చేపలు చుట్టకూడదు. అది వెదురుబుట్టలో చేరి, ఏటి ఒడ్డున ఇటుకలతో కట్టిన అక్షరగోపురంలో కాలి, ఏడాదికోసారి మేళంతో ఊరేగి, బూడిదగా ఏట్లో కలవాలి. ఆ బుట్టలు మోసే పని చుంగ్ వాళ్ల ఇంటిది. ఫూసెన్ అన్న తాత కావడి వేసుకుని మోశాడు, తండ్రీ అలాగే మోశాడు. అన్న సైకిలు వెనక చెరోవైపు కట్టుకుని తిరుగుతాడు.

ఈ పనికి ఒకే ఒక్క కట్టుబాటు. బుట్టలో పడినదాన్ని మోసేవాడు చదవకూడదు. ఆ నమ్మకం మీదే జనం తమ కోర్టు కాగితాలూ, పరీక్ష తప్పిన పిల్లల మార్కులూ, చిన్ననాటి ప్రేమలూ కళ్లు మూసుకుని ఆ బుట్టల్లో వేసేవారు.

ఊరి చరిత్ర తెలిసినవాళ్లు ఎవరున్నారని పై ఊళ్లనుంచి ఎవరైనా వచ్చి అడిగితే మేం చూపించేదీ ఆయన్నే. అదే వాళ్లకి మింగుడుపడదు. కాలేజీ నుంచి వచ్చిన ఒకాయన బుట్టల వంక, ఫూసెన్ అన్న వంక మార్చి మార్చి చూసి, నీళ్లడిగి తాగాడు. నేను మా ఊరి చదువుగదిలో పుస్తకాలు చూసుకునే దాన్ని. కాగితం విలువ నాకూ తెలుసు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఒక చేత్తో చరిత్ర ఏరుతూ ఇంకో చేత్తో కాల్చేయడమేంటన్నా అని. ఆయన బుట్ట తాడు బిగిస్తూ నవ్వాడు.

"కాగితం దొరికితే మనిషిని అడగబుద్ధి కాదమ్మా."

అందుకే ఆయన చరిత్ర అంతా అడిగి తెలుసుకున్నదే. కాలవల శాఖలో తూములు ఎత్తి దించే ఉద్యోగం చేసినన్నాళ్లూ గట్ల వెంబడి నడిచాడు. ఏ గట్టు మీద ఏ ముసలావిడ చిక్కుళ్లు వలుస్తూ కూర్చున్నా తనూ పక్కన కూలబడి వలిచేవాడు. చేతులు పనిలో ఉంటే నోరు దానంతటదే కదులుతుందని ఆయన లెక్క. ఏ కాలవ ఎవరు తవ్వారో, ఏ వరదకి ఎవరిల్లు కొట్టుకుపోతే ఏ ఇంటివాళ్లు చోటిచ్చారో, పొగాకు ఆకు వేడికి ఎండబెట్టే కొట్లు మొదట ఎవరు కట్టారో, ఏ రెండిళ్ల మధ్య మాటలు ఎందుకు లేవో, అన్నీ అలా వచ్చినవే. ఉద్యోగం అయిపోయాక ఈ తిరుగుడు తగ్గుతుందనుకున్నాం. పెరిగింది. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకి మధ్యాహ్నం అన్నం డబ్బాలు అందించడం, కాలిపోయిన బల్బులు మార్చడం, ఆసుపత్రికి వెంట వెళ్లి వరసలో కూర్చోవడం, బడి వదిలే వేళకి రోడ్డు దగ్గర జెండా పట్టుకుని నిలబడడం, అన్నీ నెత్తినేసుకున్నాడు. ఆయన భార్య లాన్‌హ్యాంగ్ వదిన అనేది, "మా ఆయన్ని ఊరికి రాసిచ్చేశాను. పడుకోడానికి మాత్రం మా ఇంటికి పంపిస్తుంటారు" అని. ఆ మాట ఆయన ముందే అనేది. ఆయన కూడా అందరితో కలిసి నవ్వేవాడు.

ఒక ఏడాది మేం కొందరం కలిసి, వాడకంలో లేని పొగాకు కొట్టు ఒకటి దులిపి శుభ్రం చేసి, ఊళ్లోని పాత వస్తువులు పెట్టి చూపించాలనుకున్నాం. ముసలివాళ్లంతా కలిసి భోంచేసే బుధవారం నాడు ఎవరింట్లో ఏముంటే అది తెమ్మన్నాడు ఫూసెన్ అన్న. ఒకావిడ తన పెళ్లినాటి నీలం చొక్కా తెచ్చింది. ఒకాయన పొగాకు ఆకులు గుచ్చే సూది తెచ్చాడు. ఎవరు తెచ్చినదాన్ని చూసి వాళ్లే మురిసిపోతూ, పక్కవాళ్లది ఇంకా పాతదని వాదులాడుకుంటూ, వేడివేడి బియ్యప్పిండి పట్టీల చారు తింటున్నాం. యూన్‌మొయ్ ఉత్త చేతులతో వచ్చింది.

యూన్‌మొయ్ సంత పక్కన కుట్టుపని చేసుకునే మనిషి. ఎవరి నడుం ఎంతో కంటిచూపుతో చెప్పేస్తుంది కానీ తన పేరు రాయమంటే చొక్కా ముక్క కత్తిరించినట్టు ఒక్కో గీతా చూసి చూసి గీస్తుంది. ఆవిడ తండ్రి మా బళ్లో పంతులు, ల్యూ మాస్టారు. ఆవిడ కడుపులో ఉండగా ఒక మధ్యాహ్నం సర్కారు మనుషులు ఆయన్ని బళ్లోంచే తీసుకెళ్లారు. ఆ రోజుల్లో అలా తీసుకెళ్లేవారు, ఎందుకని అడిగేవాళ్లు లేరు. ఆయన తిరిగి రాలేదు. తల్లి భయపడిపోయి, ఇంట్లో ఆయన రాత ఉన్న ప్రతి కాగితం, చివరికి గోడమీది కేలెండరులో పెన్సిలు గుర్తులున్న కాగితాలతో సహా, మూటగట్టి ఫూసెన్ అన్న తండ్రి బుట్టలో వేసింది. ఆయన అడగలేదు, ఈవిడ చెప్పలేదు. అన్నీ అక్షరగోపురంలో కాలిపోయాయి. ఆ తరవాత తల్లి ఈ పిల్లని బళ్లో ఎక్కువ రోజులు ఉండనివ్వలేదు. చదువుకున్న మొగుడు ఏమయ్యాడో చూసింది కదా.

ఆ బుధవారం చారు చల్లారుతుండగా యూన్‌మొయ్ ఫూసెన్ అన్న పక్కకొచ్చి కూర్చుంది.

"అన్నా, మా నాన్న చేత్తో రాసింది ఈ ఊళ్లో ఎక్కడైనా ఉందంటావా? ముఖమైతే ఎవరిదో పెళ్లి ఫొటోలో వెనక వరసలో చూశాను. రాత ఎలా ఉంటుందో చూళ్లేదు. ఒక్క అక్షరం చాలు. ఒకసారి చూసి పోతే బాగుంటుంది."

ఎవరు ఏమడిగినా ఏదో ఒకటి చెప్పే మనిషి, ఆ రోజు ఖాళీ గిన్నెలు ఏరుకుని కడగడానికి వెళ్లిపోయాడు. ఇంటికెళ్లాక రాత్రి అన్నం కూడా ముట్టలేదట. వదిన ఒంట్లో బాగాలేదేమో అనుకుని అల్లం నీళ్లు కాచి ఇచ్చింది. అవి తాగి, "మన బుట్టే కదా మోసింది" అన్నాడట. వదినకి అప్పటికి అర్థం కాలేదు.

కొన్నాళ్లకి ఒక పెళ్లిలో, అద్దెకి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని తింటూ తింటూ, ఫూసెన్ అన్న ఒక్కసారి లేచి నిలబడ్డాడు. నేను ఎదురుగానే ఉన్నాను. గొంతులో ముల్లు అడ్డం పడిందనుకున్నాను.

ఆయనకి బల్లలు గుర్తొచ్చాయి. పెళ్లి విందంటే మా చిన్నతనంలో వీధంతా కలిసి చేసుకునేది. ఇంటింటినుంచీ పొడుగు బల్లలు, వెదురు చేటలు, ఆవిరి మీద వండే గంపలు వచ్చేవి. విందయ్యాక ఎవరివి వాళ్లకి చేరాలి కాబట్టి బల్ల అడుగున సిరాతో ఇంటిపేరు రాయించి, పైన నూనె పూసేవారు. రాయించుకోవాలంటే బడిపంతులే దిక్కు. ల్యూ మాస్టారు సాయంత్రాలు సగం ఊరి బల్లలకి పేర్లు రాశాడని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. అక్షరగోపురంలో కాగితమే కాలుతుంది, కర్ర కాదు.

ఇక మొదలయింది. బుట్టల్లో కాగితం వేసిన ప్రతి ఇంటా, "అమ్మా, పాత బల్లలేమైనా ఉన్నాయా, ఒకసారి తిరగేసి చూస్తాను" అనేవాడు. బల్లలు కోళ్లగూళ్లలో ఉన్నాయి, పందులదొడ్డిలో తలుపుకి అడ్డంగా ఉన్నాయి, పొగాకు కొట్టు అటకమీద సాలెగూళ్లలో ఉన్నాయి. కొన్ని కాళ్లు విరిగి వంటచెరకయ్యాయి. కొన్నిటిని వడ్రంగి చిత్రిక పట్టేశాడు. కొన్ని పాతసామాన్ల వాళ్లు నగరానికి పట్టుకుపోయారు, అక్కడెవరో కాఫీ కొట్లలో వేసుకున్నారట. ఒక ఇంట్లో బాతు తరిమి తరిమి పిక్క మీద పొడిచింది. చుంగ్ వారి ఫూసెన్‌కి బల్లల పిచ్చి పట్టిందని ఊరంతా అనుకుంది. కూరగాయల కొట్టు దగ్గర ఎవరో, "బల్ల బోర్లిస్తే కింద బంగారమేమైనా ఉంటుందా ఫూసెన్ అన్నా" అని అడిగితే, "ఉంటే నీకు చెబుతానా" అని వెళ్లిపోయాడు.

ఆఖరికి ఏటవతల లిన్ వాళ్ల దొడ్లో ఒకటి దొరికింది. నూనె పూత చెక్కుచెదరలేదు. అడుగున నల్లగా, నిండుగా, లిన్ వాళ్ల ఇంటిపేరు. ఆ అక్షరాల పక్కన చిన్న సిరా మరక. ఆ ఇంటి పెద్దావిడ, తను కోడలిగా వచ్చిన పెళ్లికి బడి నుంచి వచ్చి రాశారని తన అత్త చెప్పేదని అంది. ఫూసెన్ అన్న మాస్టారి దగ్గర చదువుకున్న ముసలివాళ్లని ఇద్దరు ముగ్గుర్ని పిలిచి చూపించాడు. చూడగానే అందరూ ఒకటే మాట, ఇది మాస్టారి రాతే, ఇందులో అనుమానమేముంది అని. లిన్ వాళ్లు ఏమీ అడక్కుండా బల్ల ఇచ్చేశారు.

అది యూన్‌మొయ్ ఇంటికి వెళ్లిన రోజు నేనూ ఉన్నాను. ఆవిడ ఏడవలేదు. వేలితో ఒక్కో గీత మీదా నెమ్మదిగా పోనిచ్చింది, బట్టమీద కుట్టు సరిగ్గా పడిందో లేదో తడిమి చూసినట్టు. తరవాత ఆ బల్లని కుట్టుమిషను పక్కన కాళ్లు పైకి పెట్టి బోర్లించే ఉంచింది. రాత కనపడాలి కదా. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లకి కూర్చోడానికి చోటు లేకుండా పోయింది. "కాసేపు నిలబడితే కాళ్లేం అరగవు" అనేది. బల్ల వంక చూసి, "మా నాన్న రాసిందే" అనేది, ఎవరూ అడక్కపోయినా.

పొగాకు కొట్టులో ఆ రాత ఫొటో పెట్టారు. ఫూసెన్ అన్న దాని కింద ఒక పలక రాసిపెట్టాడు. అదంతా నాకు నోటికొచ్చు. ల్యూ మాస్టారి చేతిరాత అని మొదలుపెట్టి, చివర్లో ఆ సిరా మరక గురించి, ఇక్కడ మాస్టారి కుంచె ఒక్క క్షణం ఆగింది, ఏ తలపు ఆయన్ని ఆపిందో మనకి తెలియదు అని రాశాడు. చూడటానికి వచ్చినవాళ్లు ఆ మరక దగ్గర గొంతులు తగ్గించి మాట్లాడుకునేవారు.

కొన్నాళ్లకి కొండవాలు పల్లె నుంచి వోంగ్ థియంఫాత్ అనే ముసలాయన పంట్లాం పొట్టి చేయించుకోడానికి యూన్‌మొయ్ దగ్గరికి వచ్చాడు. జీవితమంతా పొగాకు పండించి నడుం వంగిపోయిన మనిషి, పల్లె దిగి రావడమే అరుదు. కొలతలు ఇస్తూ బల్ల చూశాడు. ఆవిడ అలవాటుగా మా నాన్న రాసిందే అంది. ఆయన వంగి ఆ రాతనీ, పక్కనున్న మరకనీ దగ్గరగా చూశాడు. పంట్లాం అక్కడే వదిలేసి, తిన్నగా తూము దగ్గర గడ్డి కోస్తున్న ఫూసెన్ అన్న దగ్గరికి నడిచి వెళ్లాడు. తరవాత ఆ మాటలన్నీ అన్నే నాకు చెప్పాడు.

"ఒరే ఫూసెన్, ఆ బల్ల మీద రాత నాది."

"ఏ బల్ల పెద్దన్నా?"

"ఏ బల్లేంటి. లిన్ వాళ్లు మా మేనమామలు. మామ పెళ్లికి నా చేత రాయించాడు, అప్పటికి నాకు మీసాలు కూడా రాలేదు. మాస్టారు లేడప్పటికి. ఆ మరక చూశావా? ఈగ వాలింది. ఈగని కొట్టబోయి కుంచె దులిపాను. మామ నా నెత్తిన మొట్టాడు, ఇంటిపేరు పక్కన ఈగపెంట పెట్టావు కదరా అని."

అన్న చేతిలో కొడవలి అలాగే ఉండిపోయింది. ఏ తలపు ఆయన్ని ఆపిందో మనకి తెలియదని పలక మీద తను రాసిన మాట గుర్తొచ్చి చెవులు కాలిపోయాయట. ముసలాయన అక్కడితో ఆగలేదు. ఇది నాకూ నీకూ మధ్యే ఉండనీ, ఆ పిల్ల ముఖం చూశాను, చెప్పడానికి నోరు రాలేదు, నేను రేపో మాపో పోతాను, నాతో పాటే ఈగా పోతుంది అన్నాడు. అని, పంట్లాం సంగతే మర్చిపోయి కొండెక్కి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి లాన్‌హ్యాంగ్ వదిన దగ్గర అన్న దాచలేకపోయాడు. వదిన కూడా అదే మాట అంది.

"చెప్పి ఏం సాధిస్తారు? ఆవిడకి తండ్రి దొరికాడు. మళ్లీ లాక్కుంటారా?"

"దొరికింది తండ్రి కాదు కదా. థియంఫాత్."

"ఆవిడకి తెలియదుగా."

"నాకు తెలుసుగా."

వదిన లైటు ఆర్పేసింది. మర్నాడు అన్న బుట్టలు కట్టుకుని బయల్దేరి, యూన్‌మొయ్ ఇంటి ముందు గంట కొట్టకుండానే వెళ్లిపోయాడు. ఆ తరవాతి రోజూ అంతే. ఎవరింటి ముందూ ఆయన గంట కొట్టకుండా పోవడం మేం ఎరగం. యూన్‌మొయ్ కత్తిరించిన కొలత కాగితాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఏమైందన్నా అని వెనకనుంచి కేకేస్తే, వినపడనట్టు తొక్కుకుంటూ పోయాడట. ఆ సాయంత్రమే మళ్లీ వెనక్కి వచ్చాడు. బుట్టలు లేకుండా వచ్చాడు.

నేను అప్పుడు అక్కడ లేను. ఆవిడ చెప్పింది కొంత, అన్న చెప్పింది కొంత. ఇద్దరిదీ ఒకేలా ఉంది. ఆయన గుమ్మం లోపల నిలబడి, ఏ ముందుమాటా లేకుండా చెప్పేశాడు.

"యూన్‌మొయ్, ఆ రాత మీ నాన్నది కాదమ్మా."

ఆవిడ చేతికింద కుట్టు సగంలో ఉంది. దాన్ని చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు తలెత్తింది.

"మరెవరిది?"

"థియంఫాత్ పెద్దన్నది. కుర్రాడిగా ఉన్నప్పుడు రాశాడట."

"నీకెప్పుడు తెలిసింది?"

"మొన్న."

"మరి మొన్ననే ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

ఆవిడ లేచి బల్ల దగ్గరికి వెళ్లింది. రెండు చేతులా ఎత్తి తిరగేసి, కాళ్లు నేలకి ఆనించి నిలబెట్టింది. పైన దుమ్ము ఉంటే గుడ్డపీలికతో తుడిచింది.

"కూర్చో అన్నా. ఇన్నాళ్లూ వచ్చినవాళ్లందర్నీ నిలబెట్టేశాను."

కూర్చోమంది కాబట్టి కూర్చున్నాడు. ఆవిడ టీ కూడా ఇచ్చింది. ఒక్క మాట మాత్రం మాట్లాడలేదు. తాగి, గిన్నె కింద పెట్టి, లేచి వచ్చేశాడు. తిట్టినా బాగుండేది అని అన్నాడు నాతో.

మర్నాడే పొగాకు కొట్టుకి వెళ్లి పలక తీసేసి వేరేది పెట్టాడు. ఇది ల్యూ మాస్టారి రాత కాదు, మాస్టారి శిష్యుడు వోంగ్ థియంఫాత్ రాసింది, మరక ఈగది, ముందు పలక రాసినవాడు తొందరపడ్డాడు అని. అది చదివి జనం పగలబడి నవ్వేవారు. ఆ పలక తీసేద్దామన్నా, ఊరికి నవ్వులాటగా ఉంది అని మేమంటే వద్దన్నాడు. నవ్వితే గుర్తుంటుంది, గుర్తుంటే ఇంకెవరూ మాస్టారిదని చెప్పరు అన్నాడు. చిన్నపిల్లలు మాత్రం ఈగ ఎక్కడుందని బల్ల ఫొటోకి ముక్కు ఆనించి వెతికేవారు.

యూన్‌మొయ్ బల్లని లిన్ వాళ్లకి పంపేసింది. గంట మోగితే బయటికి రావడం మానేసింది. కొలత కాగితాలు మడిచి గుమ్మం ముందు పెట్టి, ఎగిరిపోకుండా మీద రాయి పెట్టేది. అన్న ఆ రాయి ఎత్తి, కాగితాలు బుట్టలో వేసుకుని, రాయి మళ్లీ అక్కడే పెట్టేవాడు. బుధవారం భోజనాలకీ ఆవిడ రాలేదు. ఆవిడ డబ్బా ఎవరో పట్టుకెళ్లి ఇచ్చేవారు.

ఆయన మాత్రం వెతకడం మానలేదు. ఏటికి ఇటూ అటూ ఉన్న పల్లెల్లో తిరగేయని బల్ల లేదు, చేట లేదు, ధాన్యం కొలిచే కుంచం లేదు. ఒకసారి జ్వరంతో కూడా వెళ్లి వస్తే వదిన సైకిలు తాళంచెవి దాచేసింది. నడిచి వెళ్లాడు. మాస్టారి రాత అని ఒట్టేసి చెప్పగలిగింది ఒక్కటీ దొరకలేదు. దొరికినవాటిలో సగం మళ్లీ శిష్యులు రాసినవే. ఎప్పుడో చచ్చిపోయిన శిష్యుడి కొడుకు వచ్చి, ఇది మా నాన్న రాత అనేవాడు. ఈ ఊళ్లో ఆ వయసువాళ్ల రాతలన్నీ ఒకటే అచ్చు. పొగాకు మొక్కల్లా వరసగా, వంపు కూడా ఒకే వైపు.

కోతలు అయిపోయి, ముల్లంగి ఎండబెట్టే రోజులు వచ్చాయి. ఒక పొద్దున గంట మోగినప్పుడు యూన్‌మొయ్ గుమ్మంలో నిలబడి ఉంది. కాగితాలు చేతిలోనే ఉన్నాయి. అన్న సైకిలు దిగాడు.

"ఒకటి అడగనా అన్నా. ఆ బల్ల చూసి పాతవాళ్లందరూ మాస్టారి రాతే అన్నారు కదా. ఒక్కరు పొరబడితే సరే. అందరూ ఎలా పొరబడ్డారు?"

"అందరూ ఆయన దగ్గరే దిద్దుకున్నారు కదమ్మా."

ఆవిడ కాగితాలు బుట్టలో వేసి, తనని థియంఫాత్ బాబాయి ఇంటికి తీసుకెళ్లమంది. ఆయన పంట్లాం ఇంకా తన దగ్గరే ఉందని, ఇవ్వాలని అంది.

ఆదివారం వెళ్లాం. తోడు రమ్మంటే నేనూ బయల్దేరాను. ముసలాయన వాకిట్లో చాపల మీద ముల్లంగి ముక్కలు ఆరబోసి ఉన్నాయి. మమ్మల్ని చూసి ఆయన గాభరాపడ్డాడు. తిట్టడానికి వచ్చారనుకున్నాడేమో, ముందే పంట్లాం అందుకుని, బాగా కుట్టావమ్మాయ్ అని పొగడడం మొదలుపెట్టాడు, విప్పి చూడకుండానే. ఫూసెన్ అన్న లోపలికి రాలేదు. వాకిట్లోనే గొంతుక్కూర్చుని ముల్లంగి ముక్కలు ఒక్కొక్కటే తిరగేయసాగాడు. తిరగేయడానికి ఇంకా ఏదో ఒకటి ఉందన్నట్టు.

యూన్‌మొయ్ ముసలాయన ఎదురుగా కూర్చుని, నాన్న రాయడం ఎలా నేర్పేవాడు అని అడిగింది. ఆయన మొదట పెద్దగా చెప్పేదేముంది అన్నాడు. టీ ఒక గుక్క తాగాక మాట పెగిలింది. మాస్టారు నోటితో ఏమీ చెప్పేవాడు కాదట. వెనక వచ్చి నిలబడి, కుంచె పట్టుకున్న పిల్లవాడి పిడికిలిని తన పిడికిలితో మూసేసేవాడు. ఇక ఆ చెయ్యి నీది కాదు. గడ్డం నీ నెత్తిమీద ఆనేది. చొక్కా సుద్దముక్క వాసన వేసేది. గీత సరిగ్గా పోయిందంటే ముక్కుతో చిన్నగా హు అనేవాడు, నెత్తిమీద వెచ్చగా తగిలేది. ఆ హు కోసం పిల్లలు కొట్టుకునేవారు. నీకిప్పుడు వచ్చింది అని ఆయన చెయ్యి వదిలేసిన రోజు తను ఇంటిదాకా పరిగెత్తాడట.

యూన్‌మొయ్ వింటూ ఉంది. ఆవిడ కళ్లు ముసలాయన చేతి మీదే ఉన్నాయి. పొగాకు జిగురు గోళ్లలోకి ఇంకిపోయిన చెయ్యి అది, వేళ్ల కణుపులు ఉబ్బి, కొంచెంగా వణుకుతూ.

"బాబాయ్, నా పేరు రాయించు."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. చెయ్యి వణుకుతుందమ్మాయ్, ఇప్పుడు రాస్తే కోడి గీకినట్టు ఉంటుంది అన్నాడు. రాసివ్వమనడం లేదు, రాయించమంటున్నాను అంది ఆవిడ. కూతురు పుడితే ఆ పేరు పెట్టాలని నాన్నే అనుకున్నాడట, అమ్మ చెప్పింది, ఆయన ఎప్పుడూ రాయని పేరు అది అంది. ముసలాయన భార్య సిరా, కుంచె వెతికి తెచ్చింది. మనవడి బడిసంచీలోంచి తీసిన కుంచె, వెంట్రుకలు చెదిరి ఉంది. ముసలాయన దాన్ని నాలుకతో తడిపి మొన చేశాడు. వాకిట్లో ముల్లంగి తిరగేసే చప్పుడు ఆగిపోయింది.

ఆయన కుర్చీ పట్టుకుని లేచి, ఆవిడ వెనకకి నడిచి వచ్చాడు. నడుం వంగిన మనిషి కాబట్టి గడ్డం ఆవిడ నెత్తికి అందలేదు, భుజం దగ్గర ఆగింది. కుంచె పట్టుకున్న ఆవిడ పిడికిలి మీద తన పిడికిలి వేసి బిగించాడు. మొదటి గీత దిగింది. వణుకు లేదు. బహుశా ఇద్దరి చేతులూ కలిసినందుకేమో. ఆయన ముక్కుతో చిన్నగా హు అన్నాడు. తెలిసి అన్నాడో తెలియక అన్నాడో నేను చెప్పలేను. రెండో గీతకి యూన్‌మొయ్ ముఖం చిట్లించింది.

"కాస్త వదులుగా పట్టుకో బాబాయ్. వేళ్లు నొప్పెడుతున్నాయి."

"మీ నాన్న ఇంతకంటే గట్టిగా పట్టేవాడు," అన్నాడాయన. "నొప్పి అంటే ఇంకా నొక్కేవాడు."

ఆవిడ కుంచె మళ్లీ కాగితానికి ఆనించింది.

"అయితే అలాగే పట్టు," అంది.